డిఫరెన్షియల్‌కి చవక గేర్ ఆయిల్, లిమిటెడ్ స్లిప్ అడిటివ్: నా అనుభవం

వెనక చక్రాలకి ఇంజిన్ బలాన్ని పంచుతూ, మలుపులో అవి వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక డిఫరెన్షియల్. ఓపెన్ రకం రెండు చక్రాల్నీ స్వేచ్ఛగా వదిలేస్తుంది, లిమిటెడ్ స్లిప్ (ఎల్‌ఎస్‌డీ) వాటి మధ్య కొంత పట్టు ఉంచుతుంది, లాకర్ రెండిటినీ కలిపి బిగించేస్తుంది. వెనక హౌసింగ్‌లో (ఇరుసు మధ్య డబ్బాలో) ఉన్నది ఓపెన్ డిఫరెన్షియలా, ప్లేట్ల లిమిటెడ్ స్లిప్పా, గేర్ల లిమిటెడ్ స్లిప్పా, లాకరా అని తేల్చుకోకుండా ఆయిల్ డబ్బా కొంటే డబ్బు ఆదా కాదు సరికదా, రెండోసారి కవర్ విప్పాల్సి వస్తుంది. నేను ఆయిల్ మార్చింది ఫోర్డ్ పికప్‌ల కింద వచ్చే 8.8 అంగుళాల యాక్సిల్‌కి. దాని కవర్ బోల్టు కింద ఒక చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. దాని మీద 3ఎల్73 అని కొట్టి ఉంది. రేషియో (గేర్ల నిష్పత్తి) అంకెల మధ్య ఎల్ అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్. ఎల్ లేకుండా ఉత్త 3 73 అని ఉంటే ఓపెన్. ఫోర్డ్ ఈ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీని ట్రాక్షన్-లాక్ అంటుంది.

బిళ్ళ ఉన్నా నేను నమ్మలేదు. పాత బండ్లలో యాక్సిల్ మొత్తంగా మారిపోయి ఉండవచ్చు, కవర్ మాత్రం పాతదే తెచ్చి బిగించి ఉండవచ్చు. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక రెండు చక్రాలూ నేల నుంచి లేపి స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాను. రెండోది కూడా అదే దిక్కుకి తిరిగింది, అంటే లోపల ప్లేట్ల మీద స్ప్రింగు ఒత్తిడి ఉన్నట్టు. ఓపెన్ అయితే రెండో చక్రం ఎదురు దిక్కుకి తిరుగుతుంది. అయితే ఈ పరీక్ష ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. ప్లేట్లు బాగా అరిగిన ఎల్‌ఎస్‌డీ కూడా ఎదురు దిక్కుకే తిరుగుతుంది, స్ప్రింగు ఒత్తిడి లేని గేర్ల రకం కూడా అంతే. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో జీ80 కోడ్‌తో వచ్చే ఈటన్ లాకర్ కూడా చేత్తో తిప్పితే ఓపెన్‌లాగే కనిపిస్తుంది.

అందుకని టార్క్ రెంచితో కూడా చూశాను. ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోదాన్ని లేపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, లేపిన వైపు హబ్‌ని టార్క్ రెంచితో తిప్పి ఎంత బలానికి కదులుతుందో చూడాలి. ట్రాక్షన్-లాక్‌కి కనీసం 27 న్యూటన్ మీటర్లు, అంటే 20 అడుగుల పౌండ్లు ఉండాలి. నాకు 55 దాకా చూపించింది. ప్లేట్లు బతికే ఉన్నాయి. 27 కంటే బాగా తక్కువ వస్తే ఏ ఆయిల్ పోసినా, ఏ అడిటివ్ (ఆయిల్‌లో కలిపి ప్లేట్ల రాపిడిని సర్దే మందు) కలిపినా ఆ పట్టు తిరిగి రాదు. అప్పుడు ఖర్చు పెట్టాల్సింది ప్లేట్ల మీద.

ఏ రకానికి ఏం కావాలో ఇప్పుడే చెప్పేస్తాను, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఓపెన్ డిఫరెన్షియల్‌కి అడిటివ్ అక్కర్లేదు. పోస్తే నష్టం లేదు, లాభమూ లేదు. టోర్సెన్ లాంటి గేర్ల రకానికి ప్లేట్లే లేవు కాబట్టి మామూలుగా అవసరం లేదు. జీ80 లాకర్‌కి అసలు పోయకూడదు: రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటినప్పుడు అది లాక్ అవుతుంది. లాక్ చేసే పని లోపలి ప్లేట్ల రాపిడిదే కాబట్టి, వాటిని నున్నగా చేసే మందు పోస్తే లాక్ ఆలస్యమవుతుంది. పెద్ద లారీల్లో డ్రైవర్ స్విచ్చు నొక్కితే పడే డిఫ్ లాక్ పళ్ళు పళ్ళలో పడే రకం, దానికీ అక్కర్లేదు. నిజంగా అవసరమైనవి ప్లేట్ల రకం, కోన్ రకం (ప్లేట్లకి బదులు శంకువు ఆకారపు ముక్కలు రాసుకునేది), ఈ రెండే.

ప్లేట్లకి ఎందుకు కావాలంటే, మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఆ తేడాకి తగ్గట్టు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. ఆగి ఉన్న ప్లేట్లని కదిలించడానికి కావలసిన రాపిడి, జారుతున్నప్పటి రాపిడి కంటే ఎక్కువైతే అవి పట్టుకుంటాయి, తెగి జారతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. సెకనుకి ఎన్నోసార్లు జరిగే ఈ పట్టు-విడుపే నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు వెనక నుంచి వచ్చే గరగర, దడదడ. అడిటివ్‌లోని ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని మార్చే మందు) అణువులు లోహం మీద పొరగా అంటుకుని ఆ మొదటి పట్టుని తగ్గిస్తాయి. రెండు రాపిడులూ దగ్గరికి వస్తే ప్లేట్లు సాఫీగా జారతాయి. ఎక్కువ పోస్తే పట్టు మరీ పోయి ఎల్‌ఎస్‌డీ కాస్తా ఓపెన్‌లాగా తయారవుతుంది. ఇది కొలిచి వాడాల్సిన మందు, పోసేకొద్దీ మంచిదనుకునేది కాదు.

ఇక నంబరు. గేర్ ఆయిల్ నంబర్లూ ఇంజిన్ ఆయిల్ నంబర్లూ వేరు కొలబద్దలు. 90 నంబరు గేర్ ఆయిల్ వేడి మీద చిక్కదనంలో దాదాపు 40, 50 నంబరు ఇంజిన్ ఆయిల్‌తో సమానం. అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే306 ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 నంబరు అంటే 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 140 నంబరు అంటే 24 నుంచి 32.5 లోపు. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. చలిలో 1,50,000 సెంటీపాయిజ్ చిక్కదనాన్ని దాటకుండా 75డబ్ల్యూ మైనస్ 40 డిగ్రీల దాకా, 80డబ్ల్యూ మైనస్ 26 దాకా, 85డబ్ల్యూ మైనస్ 12 దాకా నిలబడాలి. ఆ హద్దు దాటితే ఆయిల్ ముద్దలా నిలిచిపోయి పినియన్ (ఇంజిన్ వైపు నుంచి తిప్పే చిన్న గేరు) బేరింగుకి చేరదు. బండి కదిలిన మొదటి నిమిషాల్లోనే బేరింగు దెబ్బ తింటుంది.

నా యాక్సిల్‌కి మాన్యువల్ చెప్పింది 75డబ్ల్యూ-140 సింథటిక్. చవకగా పోవాలనుకునే వాడి కళ్ళు వెంటనే 85డబ్ల్యూ-140 మినరల్ మీద పడతాయి, నావీ పడ్డాయి. వేడి మీద రెండూ ఒకటే నంబరు, చలి ఆ హద్దు దాకా దిగని చోట మొదటి నిమిషాల భయం కూడా లేదు. 80డబ్ల్యూ-90 ఇంకా చవక. ఖాళీ బండికి అది సరిపోతుందేమో గానీ, ట్రైలర్ లాగే బండికి నేను పోయను. నిండు ట్రైలర్‌తో ఎత్తు రోడ్డు ఎక్కి దిగాక ఇన్ఫ్రారెడ్ థర్మామీటరుతో కవర్ మీద కొలిస్తే 92 డిగ్రీలు చూపింది. లోపల పళ్ళు రాసుకునే చోట అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ వేడిలో 90 నంబరు పొర పలచబడుతుంది.

మినరలా సింథటిక్కా అన్నది లీటరు ధర చూసి తేల్చలేదు, ఒక మార్పుకి అయ్యే మొత్తం ఖర్చు చూసి తేల్చాను. ఈ యాక్సిల్‌కి అడుగున డ్రెయిన్ ప్లగ్ లేదు, ప్రతిసారీ కవర్ విప్పాల్సిందే. అంటే ఆయిల్‌తో పాటు ఒక గ్యాస్కెట్ సిలికాన్ ట్యూబు, ఒక అడిటివ్ సీసా, సగం రోజు పని. బరువు లాగే బండిలో మినరల్ తొందరగా మాడుతుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ దాదాపు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. మినరల్ రెండుసార్లు మార్చే చోట సింథటిక్ ఒకసారి మారిస్తే, ఆ అదనపు ట్యూబు, అడిటివ్ సీసా, శ్రమ కలిపి చూసినప్పుడు ధరలో తేడా చాలామటుకు కరిగిపోయింది. డ్రెయిన్ ప్లగ్ ఉన్న యాక్సిల్ అయ్యుంటే, చలి లేని చోట, నేను మినరలే కొనేవాణ్ణి. కాబట్టి నా లెక్క చవక బ్రాండు సింథటిక్ 75డబ్ల్యూ-140 దగ్గర ఆగింది.

చవక బ్రాండులో ఏది అన్నదానికి డబ్బా వెనక వైపు చదవాలి. జీఎల్-5 (గేర్ ఆయిల్ నాణ్యత తరగతి) అని ఉండాలి, హైపాయిడ్ గేర్లకి అది తప్పనిసరి. హైపాయిడ్‌లో పినియన్ అనే చిన్న గేరు క్రౌన్ అనే పెద్ద గేరు నడిమధ్యకి కాకుండా పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి పళ్ళు దొర్లడమే కాక పొడుగునా రాసుకుంటాయి. గంధకం, భాస్వరం ఉన్న ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) రసాయనాలు ఆ వేడికి ఇనుముతో కలిసి పలచని పొర కట్టి పళ్ళు అతుక్కోకుండా కాపాడతాయి. గేర్ ఆయిల్ కంపు ఆ గంధకానిదే. అయితే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇంజిన్ ఆయిళ్ళకి ఇచ్చినట్టు గేర్ ఆయిళ్ళకి లైసెన్సు గుర్తు ఇవ్వదు. డబ్బా మీద జీఎల్-5 అన్నది కంపెనీ తన మాటగా చెప్పుకునేదే. అందుకే నేను వెతికేది ఎస్‌ఏఈ జే2360 అన్న మాట కోసం. అది పాత అమెరికా సైనిక ప్రమాణం మిల్-పీఆర్ఎఫ్-2105ఈ స్థానంలో వచ్చింది. జీఎల్-5 పరీక్షలకి తోడు బండ్ల మీద నడిపి చూసిన ఫలితాలు కూడా అడుగుతుంది. పాసైన ఆయిళ్ళ జాబితాని పెర్ఫార్మెన్స్ రివ్యూ ఇన్‌స్టిట్యూట్ ఉంచుతుంది, పేరు కొట్టి చూసుకోవచ్చు. పేరులేని బ్రాండు ఆ జాబితాలో ఉంటే నాకు అది చాలు, మెరిసే డబ్బా అక్కర్లేదు.

జీఎల్-5 పరీక్షలంటే ఊరికే ప్రయోగశాల సీసాలు కాదు. ఎల్-37 పరీక్షలో డానా 60 అనే యాక్సిల్‌ని తక్కువ వేగం, ఎక్కువ టార్క్ మీద 24 గంటలు తిప్పుతారు. ఎల్-42లో డానా 44ని ఎక్కువ వేగంలో కుదుపులతో కొడతారు. ఎల్-33లో ఆయిల్‌లో కొంచెం నీళ్ళు కలిపి తుప్పు చూస్తారు. కానీ వీటిలో ఒక్కటి కూడా లిమిటెడ్ స్లిప్ ప్లేట్ల గరగర గురించి అడగదు. జీఎల్-5, జే2360 రెండూ ఉన్న ఆయిల్ మీ ఎల్‌ఎస్‌డీలో దడదడ లాడవచ్చు, అందులో ఆయిల్ తప్పేమీ లేదు.

డబ్బా మీది మాటల్లో కూడా తేడా పట్టుకోవాలి. "జీఎల్-5 ప్రమాణాన్ని అందుకుంటుంది" అనడం ఒకటి, "జీఎల్-5 కోరే చోట వాడుకోవచ్చు" అనడం ఒకటి. రెండోది జారుడు మాట. అలాగే "లిమిటెడ్ స్లిప్ అడిటివ్ కలిపి ఉంది" వేరు, "లిమిటెడ్ స్లిప్‌కి సరిపోతుంది" వేరు. ఈ రెండో తేడాని నేను తేలిగ్గా తీసుకున్నాను, దాని ఫలితం కింద చెబుతాను. ఇంకో జాగ్రత్త: మిగిలిన జీఎల్-5ని గేరు సాఫీగా పడనిచ్చే ఇత్తడి సింక్రో రింగులున్న మాన్యువల్ గేర్‌బాక్సులో పోయకండి. దానిలోని గంధకం మోతాదు ఇత్తడిని తినేయగలదు, పైగా రింగులు పట్టు దొరక్క గేర్లు గరుకుమంటాయి. అక్కడ జీఎల్-4 అడిగితే జీఎల్-4 ఇవ్వాలి.

పనిలోకి దిగే ముందు 20 నిమిషాలు బండి నడిపితే ఆయిల్ వేడెక్కి అడుగున ఉన్న చెత్తతో సహా దిగుతుంది. అన్నిటికంటే ముందు విప్పాల్సింది ఆయిల్ పోసే ప్లగ్గు. ఇది మరచి కవర్ దించేసి, తర్వాత తుప్పు పట్టిన ప్లగ్గు రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. ఈ యాక్సిల్ ప్లగ్గుకి 3/8 అంగుళాల రాచెట్ కొన నేరుగా పడుతుంది. కవర్‌కి 10 బోల్టులు. పైన రెండింటిని నాలుగైదు చుట్లు వదులు చేసి వదిలేసి, మిగతావన్నీ తీసి, కింది అంచుని పలచని పట్టీతో నెమ్మదిగా విడదీస్తే ఆయిల్ కింది నుంచే తొట్టిలోకి దిగుతుంది. మొత్తం ఒకేసారి లాగితే ముఖం మీదే అభిషేకం.

దిగిన ఆయిల్ చాలా సంగతులు చెబుతుంది. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తని పేస్టు మామూలే. గోరుకి తగిలే రేకులు, పెచ్చులు ఉంటే పళ్ళో బేరింగులో ఊడుతున్నట్టు. కాఫీలో పాలు పోసినట్టు ఉంటే నీళ్ళు చేరాయి: బ్రీదర్ (హౌసింగ్ గాలి రంధ్రం) మూసుకుపోయి ఉంటుంది, లేదా బండి నీళ్ళలో దిగి ఉంటుంది. వేడి హౌసింగ్ చల్లని నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుదించుకుని సీళ్ళ గుండా నీళ్ళు పీల్చుకుంటుంది. అలాంటి ఆయిల్‌ని లెక్క ప్రకారం ఎన్ని కిలోమీటర్లు మిగిలాయని చూడకుండా వెంటనే దించేయాలి. నాకు వచ్చింది నల్లగా, పలచని పేస్టుతో, మాడిన వాసనతో. అది ప్లేట్ల నుంచి వచ్చిన అరుగుడు పొడి, ఎల్‌ఎస్‌డీ ఉన్న ఆయిల్ ఓపెన్‌ దాని కంటే నల్లగానే వస్తుంది.

లోపల బ్రేక్ క్లీనర్ కొట్టి కడగలేదు. మిగిలిపోయిన క్లీనర్ కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. పోగులు రాలని గుడ్డతో అడుగు తుడిచాను. కవర్ అంచులూ హౌసింగ్ అంచులూ గీతలు పడకుండా గీకి, ఆ అంచులకి మాత్రం క్లీనర్ గుడ్డతో పట్టించాను. అంచులకి పూసే సిలికాన్ ట్యూబు గేర్ ఆయిల్‌ని తట్టుకునే రకమే కావాలి, మామూలు సిలికాన్‌ని ఈపీ రసాయనాలు మెత్తబరుస్తాయి. ఇక్కడ పొదుపు చేసి అందరూ ఏడుస్తారు. తెగకుండా 5 మిల్లీమీటర్ల తీగలా, బోల్టు రంధ్రాల లోపలి వైపు నుంచి గీసి, కవర్ పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించాను. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే ఆయిల్.

ఆయిల్ కంటే ముందు అడిటివ్ పోయాలి. హౌసింగ్ నిండాక పోద్దామంటే చోటుండదు, పోసింది ప్లగ్గు నుంచే కారిపోతుంది. సీసాలు మామూలుగా 4 ఔన్సులవి, అంటే 118 మి.లీ. సుమారు 2.4 లీటర్ల యాక్సిల్‌కి అది 5 శాతం దగ్గర. చిన్న యాక్సిల్‌కి సీసా మొత్తం కుమ్మరించకుండా, మాన్యువల్ చెప్పిన మోతాదే చూడాలి. ఆయిల్ సీసా 946 మి.లీ.ది అయితే మూడు కావాలి, 3.785 లీటర్ల డబ్బా అయితే లీటరుకి చవక పడుతుంది గానీ ఒకే యాక్సిల్ ఉంటే లీటరున్నర మిగిలిపోతుంది. ఎంతవరకు పోయాలన్నది కూడా యాక్సిల్‌ని బట్టే: కొన్నింటికి రంధ్రం అంచు దాకా, ఈ 8.8కి మాత్రం అంచుకి 6 నుంచి 14 మిల్లీమీటర్లు కింద. బండి సమతలంగా నిలిపి, వంచిన తీగ ముక్కతో చూడాలి. ఎక్కువైతే నురగ కట్టి వేడెక్కి, బ్రీదర్ నుంచి, సీళ్ళ నుంచి బయటికొస్తుంది.

నేను మొదటిసారి అడిటివ్ పోయలేదు. డబ్బా మీద "లిమిటెడ్ స్లిప్‌కి సరిపోతుంది" అని ఉందని ఆ 118 మి.లీ. ఖర్చు మిగిల్చాను. చల్లగా ఉన్నంతసేపు ఏమీ లేదు. 40 నిమిషాలు నడిచి వేడెక్కాక, పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలినప్పుడు వెనక దడదడ. నేరుగా పోతున్నప్పుడు లేదు, వేగంగా తీసుకున్న పెద్ద మలుపులో లేదు. ఈ తీరు ప్లేట్లదే. మలుపు లేకుండా వేగంతో పాటు పెరిగే హోరు అయితే బేరింగుదో, క్రౌన్-పినియన్‌దో అని చూడాలి, దానికి అడిటివ్ మందు కాదు. చిక్కటి ఆయిల్ పోస్తే ఆ హోరు కొంచెం అణుగుతుంది తప్ప అరుగుడు ఆగదు.

హౌసింగ్ అప్పటికే నిండి ఉంది కాబట్టి సిరంజికి సన్నని గొట్టం తగిలించి 60 మి.లీ. ఆయిల్ లాగేసి, అంతే అడిటివ్ పోశాను. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగు దాదాపు చివరిదాకా తిప్పి, నడక వేగంతో కుడికి 8 చుట్లు, ఎడమకి 8 చుట్లు, మధ్యలో 8 అంకె ఆకారంలో కొన్ని. ప్లేట్ల మధ్యలోకి మందు చేరాలంటే ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. నేరుగా ఎన్ని కిలోమీటర్లు నడిపినా ఆ పని సరిగా కాదు. ఈ చుట్లు తిప్పకుండానే అడిటివ్ పనిచేయలేదని రెండో సీసా పోసేవాళ్ళు చాలామంది. దడదడ మూడొంతులు తగ్గింది. 100 కిలోమీటర్లు నడిపి చూసి, ఇంకా కొంచెం ఉంటే మళ్ళీ 30 మి.లీ. లాగి 30 పోశాను. మళ్ళీ అవే చుట్లు. ఈసారి వేడి మీద కూడా నిశ్శబ్దం.

అక్కడితో ఆపేశాను, సీసాలో 28 మి.లీ. మిగిలింది. టార్క్ రెంచితో మళ్ళీ కొలిస్తే 55 కాస్తా 48కి వచ్చింది. 27కి ఇంకా చాలా దూరం. 118 అంతా పోసినా మాన్యువల్ హద్దులోనే ఉండేది గానీ, గరగర లేనప్పుడు పట్టు ఎందుకు తగ్గించుకోవాలి? అడిటివ్ కూడా వేడికి, నీళ్ళకి అరిగిపోతుంది కాబట్టి ఏడాదో రెండేళ్ళో పోయాక గరగర మళ్ళీ మొదలైతే ఆ మిగిలిన 28 మి.లీ. అప్పుడు పనికొస్తుంది. 500 కిలోమీటర్లకి కవర్ అంచు, పినియన్ సీలు, బ్రీదర్ మూత చూశాను. అంచు పొడిగా ఉంది. బ్రీదర్ మూత మాత్రం మట్టితో గట్టిపడి ఊపిరి ఆడనట్టు ఉంటే కడిగి పెట్టాను.